గుడ్డ మీది పేరు: మాధవాయపాలెం నుంచి సావార్ దాకా

మన ఆధునిక సాహిత్యంలో నేతగాడు కనిపించినంతగా నేతపని కనిపించదు. మగ్గం చప్పుడు మన కవులు విన్నారు. ఆకలితో చచ్చిన నేతగాడి మీద కథలు రాశారు, ఆ కథలకు మనం కన్నీళ్ళూ పెట్టుకున్నాం. అయితే ఆ చీర ఎవరి నూలుతో నేసింది, ఆ నూలుకు అప్పు ఎవరిది, ధర ఎవరు కట్టారు, చివరికి ఎవరి పేరుతో అమ్ముడుపోయింది అన్న లెక్క మాత్రం మన రచనల్లోకి అరుదుగా వచ్చింది. వస్త్ర పరిశ్రమ చరిత్ర అంతా ఆ లెక్కలోనే ఉంది. గుడ్డ మీద పేరు ఒకరిది, దాని వెనక కష్టనష్టాలు మరొకరివి. ఈ రెంటినీ విడదీయడం ఎప్పుడు, ఎలా జరిగిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మనం మోస్తున్న ఒక కథ సంగతి చెప్పాలి. ఢాకా నేతగాళ్ళ బొటనవేళ్ళను ఇంగ్లీషువాళ్ళు నరికించారని మన సభల్లో ఎన్నోసార్లు విన్నాం. నేనూ చాలా ఏళ్ళు తరగతిలో అలాగే చెప్పాను. ఈ కథకు ఆధారంగా చూపే పాత రాత విలియం బోల్ట్స్‌ది. ఆయన ఈస్టిండియా కంపెనీలో పనిచేసి, దానితో చెడి, 1772లో లండన్‌లో ఒక గ్రంథం అచ్చువేశాడు. అందులో ఉన్న విషయం వేరు. ముడిపట్టు తీసే పనివాళ్ళు ఆ బలవంతపు చాకిరీ తప్పించుకోవడానికి తమ బొటనవేళ్ళు తామే కోసుకున్నారని ఆయన రాశాడు.

మనం చెప్పుకునే కథకంటే ఈ రాత భయంకరమైనది. కత్తి పట్టిన దుర్మార్గుడు ఎదురుగా ఉంటే వాడిని ద్వేషించడం సులువు. మనిషి తన వేలు తానే కోసుకునే పరిస్థితి కల్పించిన ఏర్పాటుకు ముఖం ఉండదు. అది బయానా, ఒప్పందం, గుమాస్తా, గడువు అనే రూపాల్లో ఉంటుంది. రచయిత పట్టుకోవలసింది ఆ ఏర్పాటును.

1

ఆ ఏర్పాటు మన తీరంలో ఎలా నడిచిందో చూద్దాం. 17వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో దిగారు. వారికి కావలసింది మన గుడ్డ. కృష్ణా ముఖద్వారం దగ్గర దొరికే చిరివేరుతో అద్దిన ఎరుపు, కలంకారీ పలంగ్‌పోషులు అప్పటికే పర్షియా దాకా పోతున్నాయి. ఐరోపాలో వాటికి వచ్చిన గిరాకీ చూసి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు బెదిరిపోయారు. ఫ్రాన్సు 1686లో అద్దకపు గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా కఠినమైన చట్టం చేసింది. 1719లో లండన్ వీధుల్లో నేతగాళ్ళు గుంపులుగా తిరిగి, అద్దకపు గుడ్డ కట్టిన ఆడవాళ్ళ దుస్తులు చింపేశారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ గుంపులోని వాళ్ళూ పేదవాళ్ళే. వాళ్ళ కోపం ఎదురుగా కనిపించిన ఆడమనిషి మీదికీ, ఏనాడూ చూడని మచిలీపట్నం నేతగాడి మీదికీ పోయింది. రెండు దేశాల మధ్య గుడ్డ అమ్మి లాభం తీసినవాడు ఆ వీధిలో లేడు. ఒక ఊరి శ్రామికుడికి ఇంకో ఊరి శ్రామికుణ్ణి శత్రువుగా చూపడం ఈ వ్యాపారానికి పుట్టుకతో వచ్చిన గుణం.

ఇప్పుడు మాధవాయపాలెం సంగతి. నరసాపురం పక్కన గోదావరి ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో ఇంగ్లీషువారికి 17వ శతాబ్దంలోనే వర్తకస్థానం ఉండేది. అక్కడినుంచి ఎగుమతయిన మెత్తటి తెల్ల నూలుగుడ్డకు ఆ ఊరి పేరే పడింది. ఇంగ్లీషు నోట అది ‘మడపోలం’ అయింది. మనకున్న గర్వకారణాల్లో ఇదొకటి అనిపించవచ్చు. అయితే తరువాతి కథ వినాలి. 18వ శతాబ్దం చివర ఇంగ్లండులో యంత్రపు మగ్గాలు వచ్చాయి. అమెరికాలో నీగ్రో బానిసల చేత పండించిన పత్తి లాంకషైర్ మిల్లులకు చేరింది. ఆ మిల్లులు తాము నేసిన గుడ్డకు కూడా ‘మడపోలం’ అనే పేరే పెట్టుకుని ప్రపంచమంతా అమ్మాయి. ఊరి పేరు గుడ్డ మీద మిగిలింది, ఊళ్ళో మగ్గం మిగలలేదు. పేరును పనినుంచి విడదీసి వేరే సరుకుగా అమ్ముకోవచ్చునని వ్యాపారం నేర్చుకున్న తొలి పాఠాల్లో ఇదొకటి.

ఈ మధ్యకాలంలో ఉత్తర సర్కారుల్లో కంపెనీయే పాలకుడయింది. నేతగాడికి బయానా ఇచ్చేవాడు, గుడ్డ నాణ్యం తేల్చేవాడు, ధర కట్టేవాడు, తగవు వస్తే తీర్పు చెప్పేవాడు ఒక్కడే అయ్యాడు. నేతగాళ్ళు ఊరుకోలేదు. అర్జీలు పెట్టారు, గుంపులుగా ఊళ్ళు విడిచిపోయారు. వాళ్ళను ఎదిరింపు తెలియని అమాయకులుగా చిత్రించడం చరిత్రకు విరుద్ధం.

సుంకాల కథా ఇలాంటిదే. 1882లో ఇండియాకు వచ్చే గుడ్డ మీద దిగుమతి సుంకం పూర్తిగా తీసేశారు. ఖజానా ఖాళీ అయ్యాక మళ్ళీ వేయవలసి వచ్చింది. అప్పుడు మాంచెస్టరు మిల్లుదారులు గోలపెడితే, 1896లో మన మిల్లుగుడ్డ మీద కూడా సరిసమానంగా మూడున్నర శాతం ఎక్సయిజు పన్ను విధించారు. అది 1925 దాకా సాగింది. 1905 స్వదేశీ ఉద్యమం విదేశీ గుడ్డను తగలబెట్టిందంటే దాని వెనక ఉన్నది భావావేశం ఒక్కటే కాదు, రెండు శతాబ్దాల ఈ లెక్క కూడా.

2

స్వాతంత్ర్యం తరువాత మన ప్రభుత్వం నేతగాడి పేరు మీదనే విధానాలు చేసింది. సహకార సంఘాలు పెట్టారు. ప్రగడ కోటయ్య వంటి నాయకులు చేనేత గొంతును చట్టసభల్లో వినిపించారు. 1985లో చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించే చట్టం వచ్చింది. మొదట 22 రకాలను మరమగ్గాలు నేయకూడదన్నారు. మిల్లులు, మరమగ్గాలవాళ్ళు కోర్టుకు వెళ్ళారు. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. కోర్టులో నిలబడ్డ చట్టం సర్కారు కలం దగ్గర తగ్గింది. ఆ 22 రకాలు 11 అయ్యాయి.

చిలప నూలు సంగతీ అంతే. మగ్గానికి నూలు చిలపల రూపంలో కావాలి. మిల్లులు తాము అమ్మే నూలులో ఇంత వంతు చిలపలుగా కట్టి తీరాలని నిబంధన ఉంది. ఆ వంతు ఒకప్పుడు సగం. 2003లో 40 శాతం, 2019లో 30 శాతం అయింది. వీధిలో ఎవరూ వీటి మీద ఊరేగింపు తీయరు. పత్రికల్లో మూలన రెండు పంక్తులు పడతాయి. చేనేతను చంపడానికి కత్తి అక్కరలేదు, ఇలాంటి ఉత్తర్వులు నాలుగు చాలు. 2009–10 జనగణనలో దేశంలో చేనేత పనివాళ్ళు 43 లక్షల 31 వేలు. పదేళ్ళకు 35 లక్షల 22 వేలు. ఆ పదేళ్ళలోనే, 2015 నుంచి, ఆగస్టు 7ను జాతీయ చేనేత దినంగా జరుపుకుంటున్నాం. 2020లో అదే రోజు రావడానికి కొద్ది రోజుల ముందు అఖిలభారత చేనేత బోర్డును రద్దు చేశారు.

లెక్కలోకి రానివాళ్ళ మాటా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం పదవ తరగతి పిల్లలను ‘మా ఇంట్లో పని’ అనే అంశం మీద వ్యాసం రాయమన్నాను. సాలెవీధి నుంచి వచ్చే ఒక అమ్మాయి, “మా నాన్న మగ్గం నేస్తాడు. మా అమ్మ ఏ పనీ చేయదు. ఇంటిపట్టున ఉండి కండెలు చుడుతుంది” అని రాసింది. వ్యాకరణ దోషం లేదు కనుక మార్కులు వేశాను. ఇంటికి వెళ్ళాక ఆ వాక్యం నన్ను వదలలేదు. ఆ తల్లి కండె చుట్టకపోతే తండ్రి నాడె కదలదు. కూలి మగ్గానికి లెక్కకట్టి మగవాడి చేతిలో పెడతారు కనుక తల్లి చేసినది పని కాకుండా పోయింది. ఆ మాట పిల్లకు పుట్టుకతో తెలిసింది కాదు. షావుకారు చిట్టాపుస్తకం నేర్పింది. దాన్ని దిద్దకుండా వదిలేసినవాణ్ణి నేను.

ఆ పనికి ఎంత శ్రమ పడుతుందో పోచంపల్లి తరహా నేత చెబుతుంది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేయి సుమారు తొమ్మిదివేల సార్లు అటూ ఇటూ కదలాలి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం, తన తల్లి భుజాల నొప్పి చూడలేక, పెద్దచదువు లేకుండానే ఏళ్ళతరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. తల్లి పేరుతో దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరుపెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చేనేతను సమర్థించేవాళ్ళు యంత్రానికి శత్రువులన్న వాదానికి ఇదే సమాధానం. యంత్రం ఎవరి భుజం కోసం పుట్టింది, దాని లాభం ఎవరికి చేరింది అన్నవే అసలు ప్రశ్నలు.

మరమగ్గం నడిపేవాడు బాగుపడ్డాడా అంటే అదీ లేదు. సిరిసిల్లలో 1990ల చివరినుంచి జరిగిన ఆత్మహత్యలు మరమగ్గాల కార్మికులవే. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇచ్చాక ఆ ఊరు కొంత ఊపిరి పీల్చుకుంది. 2024లో ఆ ఆర్డరు ఆగితే మగ్గాలు ఆగాయి. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ఆ ఒక్కడు షావుకారైనా సర్కారైనా కార్మికుడి బతుకు పరుల చిత్తం మీదే ఉంటుంది.

పేరుకు రక్షణ ఇస్తే చాలదా అని కొందరంటారు. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. మాధవాయపాలేనికి దక్కనిది పోచంపల్లికి దక్కింది. కాని ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, కూలిని కాపాడదు. ఇక్కత్‌లా కనిపించే అచ్చుగుడ్డ సంతలో సగం ధరకు దొరుకుతూనే ఉంది.

3

నేతగాడికి పేరు దక్కకపోవడం అన్యాయమైతే, చెప్పులు కుట్టినవాడికి పేరే శిక్ష అయింది. మన పల్లెల్లో తోలు ఊని, తంగేడు పట్టతో లందలో నానబెట్టి, మోటబొక్కెనకూ చెప్పుకూ ప్రాణం పోసిన మాదిగల వృత్తినామం తిట్టుగా మారింది. సేద్యానికి వారి తోలు కావాలి, ఊరికి వారి నీడ అక్కరలేదు. 1941లో వచ్చిన జాషువా ‘గబ్బిలం’లో కథానాయకుడు అరుంధతీసుతుడు కావడం, గుడిలోకి పోలేక గబ్బిలం చేత శివుడికి కబురు పంపడం మనందరికీ తెలుసు. ఆ కావ్యాన్ని అంటరానితనం మీద రచనగా బోధిస్తాం. ఉత్పత్తి చేసిన మనిషిని ఊరు ఎలా వెలివేసిందో చెప్పిన రచనగా కూడా దాన్ని చదవాలని నా మనవి.

తోలు పల్లె దాటి ఎగుమతి పరిశ్రమ అయ్యాక వెలి పోలేదు, రూపం మార్చుకుంది. మన కుప్పం మీదుగా తమిళదేశంలోకి పోయే పాలారు నదిని చూడండి. వేలూరు, రాణిపేట ప్రాంతాల తోళ్ళ శుద్ధి కర్మాగారాలు వదిలిన మురుగు ఆ ఒడ్డు పొలాల్లోకీ బావుల్లోకీ చేరింది. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో రెండు అంకెలున్నాయి. ఒక కిలో తోలు తయారీకి సుమారు 35 లీటర్ల నీరు కావాలి. ఆ ప్రాంతంలో సుమారు 35 వేల హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతగానో పనికిరాకుండా పోయింది. కాలుష్యం చేసినవాడే నష్టం కట్టాలన్న సూత్రాన్ని మన న్యాయవ్యవస్థలో స్థిరపరచిన తీర్పుల్లో అదొకటి. అయినా 2025 జనవరిలో అదే పాలారు గురించి, అదే నష్టపరిహారం గురించి సుప్రీంకోర్టు మళ్ళీ తీర్పు చెప్పవలసి వచ్చింది. మధ్యలో గడిచినది దాదాపు ఒక తరం.

చెప్పు విదేశీ అంగట్లో తళతళలాడుతుంది. దాని మీద వాడి పేరుంది. మురుగు మీద పేరు లేదు.

4

ఇప్పుడు కుట్టుపని దగ్గరికి రావాలి. ఎందుకంటే పేరు విడిపోవడం అనే ఈ ఏర్పాటు పరిపూర్ణమైనది అక్కడే. 1974నుంచి ధనిక దేశాలు తమకు వచ్చే దుస్తులకు దేశాలవారీగా కోటాలు కట్టాయి. కోటా మిగిలిన దేశానికి ఆర్డరు పోయేది. బంగ్లాదేశ్‌లో కుట్టు పరిశ్రమ పెరగడానికి అదొక కారణం. 2004 చివరికి కోటాలు పోయాయి. ఆ తరువాత దేశాల మధ్య పోటీకి కొలబద్ద తక్కువ కూలి, తక్కువ గడువు అయ్యాయి. పేరుగల కంపెనీకి సొంత కర్మాగారం ఉండదు. అది గుత్తదారుకు ఇస్తుంది, అతను ఉపగుత్తదారుకు ఇస్తాడు. పేరు ఒకచోట, మిషను ఇంకొకచోట.

2013 ఏప్రిల్ 24న ఢాకా పక్కన సావార్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలింది. అందులో అయిదు కుట్టు కర్మాగారాలు ఉన్నాయి. ముందురోజే గోడలు పగుళ్ళిచ్చాయి. కింద ఉన్న బ్యాంకువారు తమ ఉద్యోగులను పంపించేశారు. కుట్టుకూలీలను మాత్రం మరునాడు మిషన్ల దగ్గరకు రప్పించారు. 1,134 మంది చనిపోయారు. ఎక్కువమంది పల్లెలనుంచి వచ్చిన యువతులు. బ్యాంకు ఉద్యోగి ప్రాణానికీ కుట్టుకూలి ప్రాణానికీ ఉన్న తేడా ఆ ఒక్క ఉదయం కొలిచి చూపింది.

ఆ తరువాత జరిగినది రచయితలు మరచిపోకూడదు. అక్కడ ఎవరి దుస్తులు కుట్టారని అడిగితే కొన్ని కంపెనీలు తమకు సంబంధం లేదన్నాయి. కార్మిక సంఘాలవాళ్ళు శిథిలాల్లో దిగి, శవాల మధ్య, ఇటుకల మధ్య, గుడ్డపీలికల మీద కుట్టిన పేరుపట్టీలు ఏరుకున్నారు. పేరు అంటించుకోవడానికి అంత శ్రద్ధ తీసుకున్నవాళ్ళు ఆ పేరు తమది కాదనడానికీ అంతే శ్రద్ధ తీసుకున్నారు. బాధిత కుటుంబాల పరిహారానికి నిర్ణయించిన మూడు కోట్ల డాలర్లు పోగుకావడానికి 2015 జూన్ దాకా పట్టింది.

దీనికి విరుగుడు లేదా? చరిత్రలోనే ఉంది. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ చొక్కాల కర్మాగారం తగలబడింది. మెట్లదారి తలుపు తాళం వేసి ఉండటంతో 146 మంది చనిపోయారు. ఎక్కువమంది వలస వచ్చిన యూదు, ఇటాలియన్ ఆడపిల్లలు. యజమానులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. అయినా కార్మికుల ఆందోళన వల్ల కర్మాగారాల భద్రతకు పదులకొద్దీ చట్టాలు వచ్చాయి. అంతకంటే ముఖ్యమైనది ఆ తరువాతి దశాబ్దాల్లో దుస్తుల కార్మిక సంఘం సాధించిన ఒప్పందం. గుత్తదారు కూలి ఎగవేస్తే, ఎవరి సరుకు కుడుతున్నాడో ఆ అసలు వ్యాపారి బాధ్యుడు కావాలన్నది దాని సారం. పేరు ఎక్కడికి పోతే బాధ్యత అక్కడికి పోవాలి.

సావార్ తరువాత 2013 మే నెలలో కుదిరిన భద్రతా ఒడంబడిక ఆ పాత పాఠాన్నే తిరిగి నేర్చుకుంది. రెండువందలకు పైగా కంపెనీలు, కార్మిక సంఘాలు చట్టబద్ధంగా సంతకం చేశాయి. వేలమంది పనిచేసే భవనాలను ఇంజనీర్లు తనిఖీ చేశారు. కొన్ని అమెరికన్ కంపెనీలు ఇంత కట్టుబాటు తమకు వద్దని వేరే కూటమి పెట్టుకున్నాయి. తరువాత ఫ్రాన్సులో 2017లో, జర్మనీలో 2023నుంచి, సరఫరా గొలుసు చివరన జరిగే అన్యాయానికి పెద్ద కంపెనీలు జవాబు చెప్పాలనే చట్టాలు వచ్చాయి. ఇవేవీ దయతో ఇచ్చినవి కావు. ప్రతిదాని కిందా శవాలున్నాయి.

అయితే ఏ చట్టమైనా ఆర్డరు ఆగిన రోజు పరీక్షకు నిలుస్తుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు విదేశీ కంపెనీలు, అప్పటికే కుట్టి సిద్ధంగా ఉన్న సరుకును కూడా వద్దన్నాయి. ఒక్క బంగ్లాదేశ్‌లోనే మూడువందల కోట్ల డాలర్ల మేర ఆర్డర్లు రద్దు కావడమో ఆగిపోవడమో జరిగింది. అంగడి మూసినవాడి నష్టం మిషను మీద కూర్చున్న పిల్ల భోజనంలో కోతపడింది.

5

ఇదంతా దూరపు కథ అనుకోవద్దు. 2005లో ప్రత్యేక ఆర్థిక మండలుల చట్టం వచ్చాక మన అచ్యుతాపురంలో దుస్తులు, తడ దగ్గర బూట్లు విదేశీ పేర్ల కోసం తయారవుతున్నాయి. ఒకప్పుడు కంపెనీ ఓడలు ఆగిన తీరమే ఇది. తెల్లవారకముందే బస్సులు పల్లెల మీదికి వచ్చి ఆడపిల్లలను ఎక్కించుకుపోతాయి. వాళ్ళకు జీతం వచ్చింది, ఇంట్లో మాట చెల్లింది. దాన్ని చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు. అదే అచ్యుతాపురంలో 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి విషవాయువు పీల్చి ప్రతిసారీ వందమందికి పైగా మహిళా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. రెండు నెలల్లో రెండుసార్లు. ఆ బస్సుల్లో మా బడిలో చదివిన పిల్లల్లాంటి వాళ్ళే ఉంటారు.

మన ప్రభుత్వాలు పరిశ్రమలు తెచ్చామని చెప్పేటప్పుడు ఎన్ని ఎకరాలిచ్చామో, ఎన్ని ఉద్యోగాలొచ్చాయో లెక్క చెబుతాయి. కూలి ఎగ్గొడితే ఎవరిని అడగాలి, నది చెడితే ఎవరు కడతారు, ఆర్డరు ఆగితే ఆ నెల జీతం ఎవరిస్తారు అన్న మూడు ప్రశ్నలు అదే ఒప్పందంలో ఉండాలి. పేరుగల వ్యాపారి సంతకం వాటి కింద ఉండాలి. చేనేతకైనా, మరమగ్గానికైనా, కుట్టుమిషనుకైనా, తోళ్ళశాలకైనా నేను అడిగేది ఇదొక్కటే. ఇది కొత్త కోరిక కాదు. న్యూయార్క్ కుట్టుకూలీలు దాదాపు వందేళ్ళ క్రితమే సాధించి చూపినది.

ఇక మన పని. మగ్గం మీద కవిత రాసేముందు ఆ ఇంటి చిట్టాపుస్తకం ఒకసారి అడిగి చూడాలి. సాలెవీధి కథలో కండెలు చుట్టే చేతికి కూలి ఎంతో ఉండాలి. కుట్టు కర్మాగారం మీద నవల రాస్తే గంటకు ఎన్ని కాలర్లు కుట్టమంటారో, నీళ్ళు తాగడానికి ఎవరి అనుమతి కావాలో అందులో తెలియాలి. జాలి పాఠకుణ్ణి ఒక సాయంత్రం కదిలిస్తుంది. లెక్క అతణ్ణి మరునాడు అంగట్లో చొక్కా చేతిలోకి తీసుకున్నప్పుడు కూడా వదలదు.

ఆ అమ్మాయి వ్యాసాన్ని ఆ ఏడాది దిద్దలేకపోయాను. ఇప్పుడు ప్రతి సంవత్సరం అదే అంశం ఇస్తున్నాను. “ఏ పనీ చేయదు” అన్న మాట ఎవరి వ్యాసంలో కనిపించినా దాని కింద ఎర్రసిరాతో గీత గీసి, మీ అమ్మ పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం చేసిందో వరసగా రాసి తీసుకురా అని చెబుతున్నాను. మరునాడు వాళ్ళు తెచ్చే ఆ జాబితాలు, నేను చదివిన చాలా చేనేత కథల కంటే మంచి సాహిత్యం.